'పుట్ అప్ విత్': ఒక ఆంగ్ల పదబంధ క్రియకు తెలుగు సమానార్థకాల పరిశీలన

ఉపోద్ఘాతం

ఒక భాషలోని క్రియకు మరొక భాషలో సమానార్థకం చెప్పేటప్పుడు నిఘంటుకారుడు ప్రధానంగా ఆ క్రియ సూచించే వ్యాపారాన్ని చూస్తాడు. ఆ వ్యాపారానికి కర్త ఎవరు, అది ఎవరి పట్ల జరుగుతున్నది, ఇష్టపడి చేస్తున్నదా, విధిలేక చేస్తున్నదా అనే అంశాలు సాధారణంగా ఆరోపానికి ఎదుట ఇచ్చే రెండు మూడు పర్యాయపదాలలో ఇమడవు. అనువాదకుడు ఆ పర్యాయపదాలను ఒకదాని స్థానంలో మరొకటి వాడదగినవిగా భావించినప్పుడు మూలంలోని వక్త స్వభావమే మారిపోయే ప్రమాదం ఉంది. ఇంగ్లీషులోని 'పుట్ అప్ విత్' అనే క్రియ ఇందుకు మంచి ఉదాహరణ. ఇష్టం లేనిదానిని, కష్టం కలిగించేదానిని, తొలగించుకోలేక ఓర్చుకోవడం దీని స్థూలార్థం. తెలుగులో దీనికి సహించు, భరించు, ఓర్చుకొను అనే సమానార్థకాలు చెప్పడం పరిపాటి. ఈ మూడూ తప్పు కావు. కాని వాడుకలోని ఇంగ్లీషు వాక్యాలను ముందుంచుకొని చూస్తే, మూలానికి అత్యంత సన్నిహితమైన తెలుగు క్రియలు ఈ మూడింటికి వెలుపల ఉన్నట్లు తెలుస్తుంది. ఆ క్రియలు ఏవో గుర్తించి, వాటి మధ్య భేదాలను నిరూపించి, అనువాదంలో ఎంపికకు ఆధారం కాదగిన ప్రమాణాలను ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం.

పదబంధ క్రియ: స్వరూపం

ధాతువుకు 'అప్', 'ఆఫ్', 'ఔట్', 'ఇన్' వంటి చిన్న పదం చేరి, రెండింటి విడి అర్థాలను కలిపినా రాని కొత్త అర్థం ఏర్పడడం ఇంగ్లీషు భాషకు విశిష్ట లక్షణం. శామ్యూల్ జాన్సన్ 1755లో వెలువరించిన నిఘంటువు పీఠికలోనే ఈ రకమైన కూర్పును ప్రస్తావించి, ఇది పరభాషీయులకు ఎక్కువ క్లేశం కలిగించేదని గుర్తించాడు. ఈ కూర్పుకు 'ఫ్రేజల్ వర్బ్' అనే పేరును లోగన్ పియర్సాల్ స్మిత్ 1925లో ప్రచురించిన గ్రంథంలో వాడి, ఆ పేరు సూచించినవాడు హెన్రీ బ్రాడ్లీ అని చెప్పాడు. తెలుగులో దీనిని 'పదబంధ క్రియ' అని వ్యవహరించవచ్చు. ర్యాండల్ఫ్ క్వర్క్, ఆయన సహరచయితలు 1985లో ప్రకటించిన బృహద్వ్యాకరణం ఈ వర్గాన్ని మరింత సూక్ష్మంగా విభజించింది. ధాతువుకు క్రియావిశేషణం వంటి నిపాతం మాత్రమే చేరినవి ఒక రకం. విభక్తి వంటి పూర్వపదం చేరినవి రెండవ రకం. రెండూ చేరినవి మూడవ రకం. 'పుట్ అప్ విత్' మూడవ రకానికి చెందుతుంది. ఇందులో 'అప్' క్రియార్థాన్ని మారుస్తుంది. 'విత్' తరువాతి నామాన్ని క్రియతో అన్వయింపజేస్తుంది.

ఈ మూడు పదాలూ విడదీయరానివి. 'పుట్ అప్' అనే రెండు పదాల క్రియలో కర్మ మధ్యలోకి రావచ్చు: గోడకు బొమ్మ తగిలించే సందర్భంలో 'పుట్ ఇట్ అప్' అనడం సహజం. 'పుట్ అప్ విత్'లో అది కుదరదు. కర్మ ఎప్పుడూ 'విత్' తరువాతనే రావాలి, లేదా వాక్యంలో ముందుకు జరిగి 'విత్'ను చివర ఒంటరిగా వదలాలి. వాక్యాంతంలో పూర్వపదం మిగలడం దోషమనే అభిప్రాయానికి 17వ శతాబ్దిలో జాన్ డ్రైడెన్ బెన్ జాన్సన్ రచనపై చేసిన విమర్శ ప్రసిద్ధమైన ఆధారం. ఆ నియమాన్ని పరిహసిస్తూ పుట్టిన ఒక హాస్యోక్తి 'పుట్ అప్ విత్' మీదనే నడుస్తుంది. 'అప్', 'విత్' రెండింటినీ బలవంతంగా ముందుకు లాగి 'పుట్'ను చివర నిలిపితే వాక్యం ఎంత వికృతమవుతుందో అది చూపుతుంది. దీనిని విన్‌స్టన్ చర్చిల్‌కు ఆపాదించడం లోకవాడుకే గాని, ఆయనే అన్నాడనడానికి దృఢమైన ఆధారం లేదు. హాస్యం మాట ఎలా ఉన్నా, మూడు పదాలూ కలిసి ఒకే క్రియ అనే వ్యాకరణ సత్యం అందులో ఉంది.

తెలుగు విద్యార్థికి ఈ క్రియ మరొక కారణం వల్ల కూడా చిక్కు కలిగిస్తుంది. 'పుట్ అప్' అతనికి కొత్త పదం కాదు. ప్రభుత్వ కార్యాలయాలలో కింది ఉద్యోగి ఫైలును పై అధికారి పరిశీలనకు సమర్పించడాన్ని 'పుటప్ చేయడం' అంటారు. ఎక్కడ బస చేస్తున్నారని అడగడానికి కూడా భారతీయాంగ్లంలో 'పుట్ అప్' వాడుకలో ఉంది. ఈ అర్థాలతో పరిచయమైన పాఠకుడు 'విత్' చేరగానే ఓర్పుకు సంబంధించిన అర్థం ఎలా వచ్చిందో ఊహించలేడు. అందువల్ల ఆ అర్థం వచ్చిన దారిని ముందు తెలుసుకోవాలి.

అర్థపరిణామం: ఒరలో పెట్టడం నుంచి ఓర్చుకోవడం దాకా

ప్రాచీనాధునిక ఇంగ్లీషులో 'పుట్ అప్' అనే రూపానికి బయట ఉన్నదానిని దాని చోట తిరిగి పెట్టడం, లోపల దాచడం అనే అర్థం ఉండేది. 1611 నాటి బైబిలు ఇంగ్లీషు అనువాదంలో, యోహాను సువార్త 18వ అధ్యాయంలో, కత్తిని ఒరలో పెట్టమని యేసు పేతురును ఆదేశించే చోట వాడిన క్రియ ఇదే. దూసిన కత్తిని ఒరలో పెట్టడమంటే ప్రతీకారాన్ని విరమించడం. ఇక్కడి నుంచి అవమానాన్ని లోపల దాచుకోవడం, బదులు తీర్చుకోకుండా ఊరకుండడం అనే అర్థానికి దూరం ఎక్కువ లేదు.

షేక్స్‌పియర్ నాటకాలలో ఈ రెండవ అర్థం స్పష్టంగా కనిపిస్తుంది. 'ఒథెల్లో' నాలుగవ అంకంలో రోడెరీగో, తాను మోసపోయిన సంగతిని ఇక మౌనంగా సహించనని ఇయాగోతో చెప్పేటప్పుడు 'పుట్ అప్' వాడతాడు. 'టైటస్ ఆండ్రోనికస్' మొదటి అంకంలో సాటర్నైనస్ బహిరంగంగా జరిగిన అవమానానికి ప్రతీకారం లేకుండా ఊరుకోవడం ఎలాగని అడిగే చోట కూడా అదే క్రియ. రెండు చోట్లా 'విత్' లేదు. అవమానమే నేరుగా కర్మ. అవమానాన్ని జేబులో వేసుకోవడం అనే సమాంతర ప్రయోగం కూడా ఆ కాలంలో ఉంది. 'ఐదవ హెన్రీ' మూడవ అంకంలో కుర్రవాడి పాత్ర, ఇతరుల జేబులలోని సొత్తును తన జేబులో వేసుకోవడాన్ని, అన్యాయాన్ని జేబులో వేసుకొని ఊరుకోవడాన్ని శ్లేషతో ఒకచోట చేరుస్తుంది. కత్తికి ఒర, సొత్తుకు జేబు, అవమానానికి మనసు అనే క్రమంలో లోపల దాచుకోవడమే ఈ క్రియ మూలభావమని వీటిని బట్టి చెప్పవచ్చు.

తరువాతి కాలపు ఇంగ్లీషులో 'విత్' చేరిన రూపం స్థిరపడి, ఓర్చుకోవడమనే అర్థంలో పాత రూపం వాడుక తప్పింది. దీనితో అర్థంలో కూడా మార్పు వచ్చింది. పూర్వం కర్మ ఒక సంఘటన: జరిగిపోయిన అవమానం, మోసం. 'విత్' చేరిన తరువాత కర్మ స్థానంలో మనుషులు, అలవాట్లు, రొద, ఎండ, ఇరుకు గది వంటి కొనసాగే పరిస్థితులు విరివిగా వస్తాయి. ఒకసారి మింగి ఊరుకునే ఓర్పు, రోజూ పక్కనే ఉండి పడే ఓర్పుగా విస్తరించింది. 'విత్' అనే సహార్థక పదం ఈ సాంగత్యాన్ని సూచిస్తున్నది. తెలుగు సమానార్థకాలను పరీక్షించేటప్పుడు ఈ రెండు భావాలనూ, అంటే లోపల దాచుకోవడాన్నీ, కలిసి మనుగడ సాగించడాన్నీ, గుర్తుంచుకోవాలి.

'పెట్టు' ధాతువు: తెలుగు సమాంతరం

'పుట్'కు తెలుగులో సామాన్యార్థకం 'పెట్టు'. ఇంగ్లీషు క్రియ నిపాతాలతో సాధించే అర్థభేదాన్ని తెలుగు ధాతువు నామంతో సాధిస్తుంది. ధాతువు నామంతో కలిసి విశేషార్థం ఇచ్చే ఈ రకమైన క్రియలను తెలుగు వ్యాకరణ సంప్రదాయం శబ్దపల్లవాలు అంటుంది. తలపెట్టు అంటే తలను ఎక్కడో పెట్టడం కాదు, పూనుకోవడం. చేపట్టు, మేలుకొను కూడా ఇటువంటివే. అవయవవాచకం మారితే అర్థం ఎలా మారుతుందో చూపడానికి రెండు ప్రయోగాలు చాలు. ఎదుటివాడి తప్పును 'మనసులో పెట్టుకున్నాడు' అంటే పగ నిలుపుకున్నాడని అర్థం. అదే తప్పును 'కడుపులో పెట్టుకున్నాడు' అంటే క్షమించి ఓర్చుకున్నాడని అర్థం. ధాతువు ఒకటే, కర్మ ఒకటే, లోపల దాచడమనే భావమూ ఒకటే. దాచిన చోటు మారగానే పగ క్షమగా మారింది.

షేక్స్‌పియర్ కాలపు 'పుట్ అప్'కు ఈ 'కడుపులో పెట్టుకొను' నిర్మాణంలో చాలా దగ్గరగా ఉంది. అయినా రెండింటి మధ్య ఒక తేడా ఉంది. ఇంగ్లీషు క్రియలో అవమానాన్ని దాచుకున్నవాడికి అది ఇష్టం లేదు. అతడి ఊరుకోవడంలో పిరికితనం ఉందేమోననే శంక కూడా ఆ నాటక సందర్భాలలో వినిపిస్తుంది. తెలుగు పదబంధంలో వాత్సల్యం ఉంది. బిడ్డ తప్పును తల్లి కడుపులో పెట్టుకుంటుంది. చిన్నవారి తప్పును పెద్దవారు కడుపులో పెట్టుకుంటారు. ఇష్టం లేకుండా అవమానాన్ని లోపల అణచుకున్న సందర్భానికి తెలుగులో 'దిగమింగు' అనే క్రియ వేరుగా ఉంది. కాబట్టి నిండు సభలో జరిగిన అవమానానికి బదులు చెప్పలేక ఊరుకున్న పాత్ర విషయంలో 'దిగమింగాడు' అనడమే యుక్తం. ఆ చోట 'సహించాడు' అంటే అర్థం తప్పదు గాని, లోపల దాచుకోవడమనే మూలభావం పోతుంది.

సహించు, భరించు, ఓర్చుకొను

పరిపాటిగా చెప్పే మూడు సమానార్థకాలను ఇప్పుడు వరుసగా పరిశీలించవచ్చు. 'సహించు' సంస్కృత ధాతుజన్యం. దీని వ్యతిరేక రూపం నేటి తెలుగులో అధికార స్వరాన్ని సంతరించుకుంది. అక్రమాలను సహించేది లేదని మంత్రులు హెచ్చరిస్తారు. క్రమశిక్షణ లేకపోతే సహించనని ప్రధానోపాధ్యాయుడు చెబుతాడు. ఈ ప్రయోగాలలో వక్తకు శిక్షించే శక్తి ఉంది. ఇంగ్లీషులో 'టాలరేట్' అనే లాటిన్ జన్య పదం ఈ స్థాయికి చెందుతుంది. 'పుట్ అప్ విత్' దేశీయ పదాలతో ఏర్పడిన వాడుక మాట. అధికారి కూడా దానిని వాడవచ్చు గాని, అప్పుడు అతడు ప్రకటన చేస్తున్నట్లు గాక విసుగుతో మాట్లాడుతున్నట్లు ఉంటుంది. వ్యక్తి విషయంలో 'అతణ్ణి సహించలేను' అంటే ద్వేషమో అసూయో స్ఫురిస్తుంది. మూలంలో అలసట మాత్రమే ఉన్నప్పుడు ఇది అతివ్యాప్తి దోషం.

'భరించు' మోయడం అనే అర్థం నుంచి వచ్చింది. ఖర్చును, బాధ్యతను, నొప్పిని భరిస్తారు. బరువు మోసేవాడికి మోయగల శక్తికి ఒక హద్దు ఉంటుంది. అందుకే 'భరించలేను' అన్నప్పుడు హద్దు దాటిన తీవ్రత ధ్వనిస్తుంది. రొద, కంపు, తలనొప్పి వంటి ఇంద్రియ సంబంధమైన బాధలకు ఈ క్రియ చక్కగా నప్పుతుంది. చిన్న చిన్న విసుగులకు వాడితే అతిశయోక్తి అవుతుంది.

'ఓర్చుకొను' విషయంలో సమస్య వేరు. దీని నుంచి 'ఓర్పు' అనే భావార్థక నామం ఏర్పడింది. అది తెలుగు సమాజంలో గొప్ప గుణంగా పరిగణితమైంది. భూదేవికున్నంత ఓర్పు అని ప్రశంసించడం అందరికీ తెలిసిందే. 'సహించు'కు సహనం, క్షమకు ఓరిమి ఇటువంటి గుణవాచకాలే. ఇంగ్లీషులో 'పుట్ అప్ విత్' నుంచి గుణవాచకమైన నామం వాడుకలో ఏర్పడలేదు. ఓర్పును మెచ్చుకోదలచినవారు వేరే పదాలను ఆశ్రయిస్తారు. అంటే ఈ క్రియ ఓర్చుకునేవారిని పొగడదు. వారికి అది ఇష్టం లేదనే విషయాన్ని మాత్రమే చెబుతుంది. 'ఎన్నో ఏళ్ళు ఆమె అతడి కోపాన్ని ఓర్చుకుంది' అని అనువదించినప్పుడు ఆమెకు ఒక సద్గుణం ఆపాదితమవుతుంది. మూలంలోని కథకుడు ఆమెను పొగడుతున్నాడా, జాలిపడుతున్నాడా, తప్పుపడుతున్నాడా అనే ప్రశ్నకు అనువాదకుడు తెలియకుండానే జవాబు చెప్పినవాడవుతాడు.

'తో' చేరిన క్రియలు: వేగు, సరిపెట్టుకొను

పై మూడు క్రియలూ ద్వితీయా విభక్తిని అపేక్షిస్తాయి: అతణ్ణి సహించు, నొప్పిని భరించు, కష్టాన్ని ఓర్చుకో. మూలంలోని 'విత్' వీటిలో ఎక్కడా ప్రతిఫలించదు. తెలుగు విద్యార్థి ఇంగ్లీషులో రాసేటప్పుడు 'విత్' వదిలివేసే అవకాశం ఇక్కడే ఉంది. అతడి మనసులోని తెలుగు క్రియకు 'తో' అవసరం లేదు. అయితే వాడుక తెలుగులో 'తో' విభక్తినే అపేక్షించే రెండు క్రియలు ఇదే అర్థంలో ఉన్నాయి. సమానార్థకాల చర్చలో అవి అరుదుగా మాత్రమే ప్రస్తావనకు వస్తాయి.

మొదటిది 'వేగు'. నూనెలోనో సెగకో వేగడం దీని లోకప్రసిద్ధమైన అర్థం. ఆ సెగ మనిషి సాంగత్యం వల్ల కలిగినప్పుడు 'తో వేగు' అనే ప్రయోగం ఏర్పడుతుంది. 'ఈ పిల్లలతో వేగలేకపోతున్నాను', 'ఆయనతో ఎలా వేగుతున్నావో తల్లీ' వంటి మాటలు తెలుగు ఇళ్ళలో నిత్యం వినిపించేవి. ఈ క్రియ మూడు విషయాలలో ఇంగ్లీషు క్రియతో సరిపోలుతుంది. ఒకటి, సహార్థకం: రెండింటిలోనూ బాధ పెట్టేవారితో కలిసి ఉండడం కొనసాగుతున్నది. రెండు, వాక్యరీతి: ఇంగ్లీషు క్రియ 'కాంట్', 'వోంట్' వంటి వ్యతిరేక రూపాలతోను, ఎలా, ఎందుకు, ఎంతకాలం అనే ప్రశ్నలతోను విరివిగా వస్తుంది, 'వేగు' కూడా వేగలేను, ఎలా వేగడం అనే రూపాలలోనే ఎక్కువగా కనిపిస్తుంది. మూడు, భాషాస్థాయి: రెండూ గంభీర రచనకంటే సంభాషణకు దగ్గరివి. తాగివచ్చే భర్త గురించి ఒక స్త్రీ అక్కతో 'ఐ కాంట్ పుట్ అప్ విత్ హిమ్ ఎనీ మోర్' అని చెప్పే సన్నివేశాన్ని తెలుగు చేయవలసివస్తే, 'ఇకపై నేను అతణ్ణి సహించలేను' అనేది వేదికపై ప్రకటనలా ఉంటుంది. 'ఈయనతో నేనింక వేగలేనక్కా' అన్నప్పుడు ఆమె అలసట, ఇంకా అదే ఇంట్లో ఉంటున్న స్థితి, చెల్లెలి గొంతు మూడూ నిలుస్తాయి.

సరిపోలని అంశం కూడా ఒకటి ఉంది. సంబంధవాక్యంలో ఇంగ్లీషు 'విత్' చివర నిలిచి ఉంటుంది. తెలుగు క్రియాజన్య విశేషణంలో 'తో' లోపిస్తుంది: 'ఆమె ఇన్నేళ్ళు వేగిన మనిషి' అన్నప్పుడు సహార్థాన్ని పాఠకుడు సందర్భం నుంచి గ్రహించాలి. అందువల్ల ఇటువంటి చోట్ల వాక్యాన్ని విరిచి రాయడం మేలు.

'వేగు'కు కర్మస్థానంలో ప్రధానంగా మనుషులు వస్తారు. వదలని నడుము నొప్పి వంటి వాటికి కూడా విస్తరిస్తుంది. ఇరుకు గది, చప్పని భోజనం వంటి కొరతలకు ఇది నప్పదు. అక్కడ రెండవ క్రియ ఉపకరిస్తుంది: 'సరిపెట్టుకొను'. ఊరుగాని ఊరిలో మంచి బస దొరకక చిన్న గదిలో ఉండవలసి వచ్చిన ప్రయాణికుడు 'ఆ గదితోనే సరిపెట్టుకున్నాం' అంటాడు. 'పుట్'కు 'పెట్టు', 'విత్'కు 'తో' ఇందులో ఉండడం యాదృచ్ఛికమే అయినా, బోధనకు ఎంతో అనుకూలమైన పోలిక.

పడు, సర్దుకుపోవు: ఫిర్యాదు, హితవు

'పుట్ అప్ విత్' ప్రశ్నరూపంలో వచ్చినప్పుడు దానిలో తరచు మందలింపు ఉంటుంది. ఆ అవమానాలను ఎందుకు ఓర్చుకుంటున్నావని స్నేహితురాలు అడిగేటప్పుడు, ఓర్చుకోనక్కరలేదనేదే ఆమె అభిప్రాయం. దీనికి తెలుగులో 'పడు' ధాతువు ఉంది: 'ఆయన చేత అన్ని మాటలు ఎందుకు పడతావు?' మాటలు పడడం, తిట్లు పడడం అనే ప్రయోగాలలో కర్త కింద ఉన్నాడు, మాట పైనుంచి వచ్చి అతడి మీద పడుతున్నది. ఇంగ్లీషు క్రియలో ఎవరు పైన, ఎవరు కింద అనేది తెలియదు. తెలుగు క్రియ దానిని స్పష్టం చేస్తుంది. అయితే పడ్డవాడెప్పుడూ చెడ్డవాడు కాదనే సామెత ఈ ధాతువుకు కూడా ఒక ఊరడింపును జోడించింది. పడడాన్ని తప్పుపట్టే వాడుకా, పడ్డవారిని ఓదార్చే సామెతా ఒకే ధాతువు మీద నిలిచి ఉన్నాయి.

'సర్దుకుపోవు' నేటి తెలుగులో మిక్కిలి ప్రచారంలో ఉన్న మాట. బస్సులో పక్కవారికి చోటివ్వడానికి సర్దుకుంటారు, కాపురంలో సర్దుకుపోతారు. ఇంగ్లీషు 'అడ్జస్ట్' తెలుగు సంభాషణలో ఈ మాటకు ప్రత్యామ్నాయంగా చేరింది. కాని దీనిని 'పుట్ అప్ విత్'కు సమానార్థకంగా గ్రహించడం సరికాదు. ఇంగ్లీషు క్రియలో కర్త మారడు. ఇష్టం లేకపోవడం చివరిదాకా ఇష్టం లేకపోవడంగానే ఉంటుంది. సర్దుకుపోయేవారు తమను తాము మార్చుకుంటారు. మార్పు పూర్తయ్యాక బాధ ఉండదనే సూచన ఆ పదంలో ఉంది. బాధ మిగిలి ఉన్నదని చెప్పే వాక్యాన్ని బాధ తీరిపోతుందని చెప్పే పదంతో అనువదిస్తే ఆ వాక్యం చెప్పదలచినదే చెరిగిపోతుంది.

ఇక్కడ 'కొను' అనే సహాయక ధాతువు పాత్రను గమనించాలి. భద్రిరాజు కృష్ణమూర్తి, జె.పి.ఎల్. గ్విన్ 1985లో ప్రకటించిన ఆధునిక తెలుగు వ్యాకరణం వంటి గ్రంథాలు 'కొను' చేరినప్పుడు క్రియాఫలం కర్తకే చెందడాన్ని వివరించాయి. ఓర్చుకొను, సర్దుకొను, సరిపెట్టుకొను, కడుపులో పెట్టుకొను అనే నాలుగింటిలోనూ 'కొను' ఉంది. వీటన్నిటికీ విధిరూపం సహజం: ఓర్చుకో, సర్దుకో, సరిపెట్టుకో, కడుపులో పెట్టుకో. అంటే ఇవి హితవు చెప్పడానికి పనికివచ్చే క్రియలు. 'వేగు', 'పడు' అనే వాటిలో 'కొను' లేదు. వీటితో హితవు చెప్పడం జరగదు. 'ఇక నువ్వే వేగు వాడితో', 'నీ ఖర్మ, పడు' అన్నప్పుడు అది విధిరూపమే గాని హితవు కాదు, విసుగుతో చేతులు దులుపుకోవడం. ఓర్పును గురించి తెలుగు భాషలో రెండు వరుసల క్రియలు ఉన్నాయని దీనివల్ల తేలుతుంది. 'కొను' చేరినవి ప్రధానంగా ఎదుటివారికి చెప్పే హితవు. చేరనివి అనుభవించేవారి, లేదా వారి పక్షం వహించేవారి ఫిర్యాదు.

ఈ భేదం సమాజంలో ఎలా పనిచేస్తుందో తెలుగు పెళ్ళిళ్ళలోని అప్పగింతల సందర్భం స్పష్టం చేస్తుంది. వధువు తల్లిదండ్రులు వియ్యాలవారితో, పిల్ల తెలిసీ తెలియక ఏదైనా పొరపాటు చేస్తే కడుపులో పెట్టుకోండి వదినగారూ, అని వేడుకుంటారు. అదే నోటితో కూతురికి, ఏదైనా ఉంటే సర్దుకుపోవాలమ్మా, అని చెబుతారు. ఈ రెండు మాటలనూ ఇంగ్లీషులోకి మార్చవలసివస్తే రెండు చోట్లా 'పుట్ అప్ విత్' వాడవచ్చు. అప్పుడు ఇంగ్లీషు పాఠకుడికి ఇరుపక్షాలకూ ఒకే సలహా ఇచ్చినట్లు కనిపిస్తుంది. తెలుగులో అది ఒకే సలహా కాదు. అత్తవారి ఓర్పు ఔదార్యం. కోడలి ఓర్పు కర్తవ్యం. మొదటిది అర్థించి పొందేది, రెండవది ఆదేశించి చేయించేది. కొన్నేళ్ళ తరువాత ఆ కూతురే పుట్టింటికి వచ్చి 'వేగలేకపోతున్నానమ్మా' అంటే, ఆమె కర్తవ్యాన్ని చెప్పే క్రియను విడిచి అనుభవాన్ని చెప్పే క్రియను ఎన్నుకున్నదన్నమాట. ఇంగ్లీషు నుంచి వచ్చే కథలలో, ముఖ్యంగా స్త్రీల అనుభవాన్ని చిత్రించే కథలలో, 'పుట్ అప్ విత్'కు యాంత్రికంగా 'సర్దుకుపోవు' అనో 'ఓర్చుకొను' అనో వాడినప్పుడు, ఆ పాత్రల ఫిర్యాదు పెద్దల హితవు భాషలోకి మారుతుంది. ఇది కేవలం పదాల ఎంపికకు సంబంధించిన లోపం కాదు. పాత్ర పక్షాన్ని మార్చే లోపం.

ఎంపికకు ప్రమాణాలు

పై పరిశీలన ఆధారంగా అనువాదకుడు నాలుగు ప్రశ్నలు వేసుకోవచ్చు. మొదటిది, కర్మస్థానంలో ఉన్నది మనిషా, సంఘటనా, కొరతా? మనిషైతే 'తో వేగు', జరిగిన అవమానమైతే 'దిగమింగు', కొరతైతే 'తో సరిపెట్టుకొను' ముందుగా పరిశీలించదగినవి. రెండవది, వక్తకు అధికారం ఉందా? ఉంటే 'సహించు'. మూడవది, ఓర్చుకునేవారు బాధపెట్టేవారికి లోబడినవారా? అయితే 'పడు'. నాలుగవది, వాక్యం హితవా, ఫిర్యాదా? హితవైతే 'కొను' చేరిన క్రియలు, ఫిర్యాదైతే చేరనివి.

ఈ ప్రశ్నలకు లొంగని ప్రయోగాలు కూడా కొన్ని ఉన్నాయి. ఇంగ్లీషులో గ్రంథకర్తలు పీఠిక చివర భార్యకో భర్తకో కృతజ్ఞత చెబుతూ, తమను 'పుట్ అప్ విత్' చేసినందుకు అనడం కనిపిస్తుంది. ఇది ఆత్మపరిహాసంతో కూడిన వినయం. ఇక్కడ 'నన్ను సహించినందుకు' అంటే భావం చెడుతుంది. 'నన్ను భరిస్తున్నందుకు' అనడం ఇటువంటి సందర్భంలో తెలుగులో సహజం. 'నాతో వేగుతున్నందుకు' అంటే చనువు మరికొంత పెరుగుతుంది. బాధించేవాడు తానేనని వక్త ఒప్పుకుంటున్నప్పుడు తీవ్రమైన పదం కూడా తేలికపడుతుందని ఈ ప్రయోగం తెలుపుతుంది.

ముగింపు

'పుట్ అప్ విత్' లోపల దాచుకోవడమనే భావంతో మొదలై, కలిసి మనుగడ సాగించడమనే భావంలోకి విస్తరించిన క్రియ. తెలుగులో మొదటి భావానికి దిగమింగు, కడుపులో పెట్టుకొను అనేవి, రెండవ భావానికి వేగు, సరిపెట్టుకొను అనేవి సన్నిహిత సమానార్థకాలు. సహించు, భరించు, ఓర్చుకొను అనే ప్రసిద్ధ పర్యాయాలు ఆయా సందర్భాలకు పరిమితం. ఇంగ్లీషు–తెలుగు నిఘంటువులు ఈ క్రియకు ఆరోపం ఇచ్చేటప్పుడు పర్యాయపదాలతో పాటు విభక్తిని, వక్త–శ్రోతల సంబంధాన్ని, కనీసం ఒక్కొక్క ప్రయోగ వాక్యాన్ని చేర్చడం అవసరం. తరగతి గదిలో 'సహించు'కు బదులు 'తో వేగు'ను నమూనాగా చూపితే విద్యార్థికి 'విత్' ఎందుకు వదలకూడదో వేరుగా చెప్పవలసిన పని తగ్గుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, ఇష్టంలేని ఓర్పును చెప్పే ఈ క్రియకు సద్గుణాన్ని చెప్పే పదాన్ని అలవాటుగా జతచేయడం మానాలి. ఓర్చుకుంటున్నవారు తమ ఓర్పును గుణంగా భావిస్తున్నారా, భారంగా భావిస్తున్నారా అనేది మూలరచనలోని వాక్యం నిర్ణయించవలసిన విషయం.